మండపం వెనుక మాన్లు కట్టెల అంగడికి పోవాల్సిందేనా?

ఇది పొడుగాటి రాత. ఓపిక ఉన్నవాళ్ళు ఇప్పుడే చదవండి, తక్కినవాళ్ళు ఆదివారం మీటింగుకు ముందరైనా చదివి రండి.

మన పెండ్లి మండపం వెనుక గోడ జరిపేటప్పుడు రెండు మాన్లు తీసేయాలని కమిటీ తీర్మానం చేసింది. ఒకటి వేప, ఒకటి పూవరసు. పూవరసుకు తెలుగులో గంగరావి అని మంచి పేరు ఉంది, కానీ మన ఇండ్లలో ఆ పేరు పలికేవాళ్ళు తగ్గిపోయినారు, అందుకని పూవరసు అనే రాస్తాను. గోడ జరపక తప్పదు, దాని మీద నాకు పేచీ లేదు. అదే తీర్మానంలో రెండో అంశం, ఆ మాన్లను టన్ను లెక్కన కట్టెల వ్యాపారికి ఇచ్చేయడం. మూడో అంశం, పెండ్లికూతురు రూముకు ఒకటి, పెండ్లికొడుకు రూముకు ఒకటి, రెండు కొత్త బోర్డు మంచాలు కొనడం. ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటి ఉన్నాయి ఈ రెండు అంశాలూ. సంతకం పెట్టినవాళ్ళలో ఒక్కరికి కూడా రెండింటినీ కలిపి చదవాలని తోచలేదు.

నేను చెప్పేది ఇదే. ఆ మాన్లను అక్కడే పలకలుగా కోయించి, నీడలో ఆరబెట్టి, ఆ కొయ్యతోనే రెండు మంచాలు చేయించాలి. గ్రూపులో ఈ మాట అన్నప్పుడు "పెద్దాయనకు పాతకాలపు పిచ్చి" అని ఒక తమ్ముడు నవ్వు బొమ్మ పెట్టినాడు. పిచ్చికి లెక్క ఉండదు కదా, నా దగ్గర లెక్క ఉంది.

రైల్వే పార్సిలు ఆఫీసులో కొలతలూ తూకాలూ రాసిన చేయి ఊరికే ఉండదు, టేపు తీసుకొని పోయి కొలిచినాను. వేప చుట్టుకొలత 72 అంగుళాలు, మొదలు నుంచి కొమ్మ చీలేదాకా నిటారుగా 9 అడుగులు. పూవరసు చుట్టుకొలత 48 అంగుళాలు, 7 అడుగులు. దుంగలు కొనే చోట వాడే లెక్క ఏమిటంటే, చుట్టుకొలతలో నాలుగో వంతు తీసుకొని దాన్ని దానితోనే హెచ్చవేసి, అడుగుల పొడవుతో హెచ్చవేసి, 144తో భాగించాలి. వేపకు పద్దెనిమిది పద్దెనిమిదిలు 324, తొమ్మిదితో హెచ్చవేసి భాగిస్తే ఇరవై ఘనపుటడుగుల పైన కొంచెం. పూవరసుకు సరిగ్గా ఏడు. రెండూ కలిపి 27 అనుకోండి. ఈ లెక్క ఉన్నదానికన్నా ఐదో వంతుకు పైగా తక్కువే చూపిస్తుంది, బెరడుకూ కోతలో పోయేదానికీ విడిచిపెట్టి కట్టిన లెక్క అది.

ఇక మంచానికి ఎంత పడుతుంది? పరుపు 78 అంగుళాలు, 60 అంగుళాలు. నాలుగు కోళ్ళు మూడంగుళాల చదరం, తలవైపువి మూడడుగులు, కాళ్ళవైపువి అడుగున్నర. నాలుగు వైపుల పట్టెలు ఆరంగుళాల వెడల్పు, ఒకటిన్నర అంగుళం మందం. పరుపు కింద మూడంగుళాల పలకలు పన్నెండు. నడుమ ఆనుకోను ఒక చిన్న దూలం. తలవైపు అడుగున్నర ఎత్తు పలక. అన్నీ కూడితే నాలుగు ఘనపుటడుగుల పైన కొంచెం వస్తుంది. చిత్రికలో పోయేది, కొనలు కత్తిరిస్తే పోయేది కలిపి ఐదు అని పెట్టుకుందాం. రెండు మంచాలకు పది. మన 27లో సగం రంపపు పొట్టుకూ పగుళ్ళకూ తెల్ల చెక్కకూ పోయినా పదమూడు మిగులుతుంది. రెండు మంచాలు పోను, రూము వాకిట్లో వేయడానికి ఒక బెంచీకి కొయ్య ఉంటుంది.

టన్ను లెక్కన అమ్మితే వచ్చే డబ్బు ఎంతో ట్రెజరర్ గారు చెప్పినారు. అది ఒక బోర్డు మంచంలో సగానికి కూడా చాలదు. ఆ మాట కూడా ఆయన నోటిదే.

ఇప్పుడు కొయ్య సంగతి. మనలో చాలామంది బడిలో తమిళం చదువుకున్నవాళ్ళం. మాను నడుమ ఉండే ఎర్రటి గట్టి భాగాన్ని తమిళంలో వైరం అంటారు. వైరం పాఞ్జ కట్టై అనే మాట మనకు వాడుకే. మా అవ్వ దాన్ని చేవ అనేది. "వాడు చేవ చచ్చినోడు" అని ఆమె ఎవరినో తిడుతుంటే విన్నాను కానీ, ఆ మాట మాను కడుపులో నుంచి వచ్చిందని చాలా ఏండ్లకు గానీ తెలియలేదు. ఆ చేవే మంచానికి కావలసింది. దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కలో పిండి పదార్థం ఎక్కువ, పుచ్చు పురుగుకు అది అన్నం. వేప చేదు కదా పురుగు పట్టదు అని అందరూ అంటారు. చేవకు పట్టదు నిజమే, తెల్ల చెక్కకు పడుతుంది. బీరువాలో వేపాకు పెట్టే నమ్మకంతో తెల్ల చెక్కను మంచంలో పెట్టకండి.

వేప కొయ్యకు ఒక గుణం ఉంది. దాని పోగు ఒక వరుస ఇటు, ఒక వరుస అటు అల్లుకొని ఉంటుంది. గట్టిదనం అక్కడి నుంచే వస్తుంది, చిత్రిక పట్టేటప్పుడు పెచ్చులు లేచేదీ అందువల్లే. అద్దంలాగా మెరుగు రాదు. మెరుగు కావాలనుకుంటే పూవరసు ఉంది. ముదురు ఎరుపు, నున్నగా వస్తుంది, కోసినప్పుడు ఒక మంచి వాసన, ఆరేటప్పుడు వేపంత వంకర పోదు. కావేరి పక్క ఊర్లలో బండి చక్రాలకు దాన్నే వాడేవాళ్ళు. తలవైపు పలకలు పూవరసులో, కోళ్ళూ పట్టెలూ వేపలో చేయిస్తే చూడను కూడా బాగుంటుంది. ఇది నా ఇష్టం, ఆచారి వేరుగా చెబితే ఆయన మాటే.

కోత. పూర్వం గుంట తవ్వి, దుంగను పైన పెట్టి, ఒకడు పైన ఒకడు గుంటలో నిలబడి రంపం లాగేవాళ్ళు. ఇప్పుడు మాను పడిన చోటికే చైన్ రంపం తెచ్చి, దానికి ఒక చట్రం బిగించి పలకలు కోసేవాళ్ళు ఉన్నారు. లారీ కూలీ మిగులుతుంది. పెద్ద కోత మిల్లులోనైతే పలక సన్నంగా, కొయ్య తక్కువ నష్టంతో వస్తుంది, నిజమే. కానీ మిల్లువాళ్ళు ఇంటి మాను, సత్రం మాను అంటే ముఖం చిట్లిస్తారు. కారణం మేకులు. మన వేప మానుకు ఎన్ని మేకులు కొట్టినామో ఆలోచించండి. తోరణాలకు, ట్యూబ్ లైట్లకు, బట్టలారేసే తాడుకు, పార్టీవాళ్ళ బోర్డులకు. ఇరవై ఏండ్ల కిందట కొట్టిన మేకును మాను మింగేసి పైన బెరడు కప్పేసి ఉంటుంది. రంపం దానికి తగిలితే పళ్ళు పోతాయి, మనిషికి కూడా ప్రమాదం. బెరడు తీసి అయస్కాంతంతో తడమాలి. మేకు ఉన్న చోట కొయ్య నల్లబడి మరక కనిపిస్తుంది, అదీ ఒక గుర్తు.

కోసేటప్పుడు మాను నట్టనడుమ ఉండే మెత్తటి పోగును ఏ పలకలోనూ, ముఖ్యంగా కోళ్ళలో, రానివ్వకూడదు. అది ఉన్న ముక్క ఆరేకొద్దీ అక్కడి నుంచే చీలుతుంది. కోళ్ళకు మూడంగుళాల కొయ్య ఏడాదిలో లోపలిదాకా ఆరదు. ఒకటిన్నర అంగుళం పలకలే కోయించి, ఆరినాక రెండు రెండు అతికిస్తే మూడంగుళాల కోడు వస్తుంది, చీలదు కూడా.

ఆరబెట్టడం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇంటి కొయ్యతో చేసిన మంచం పాడైందని ఎవరైనా చెబితే నూటికి తొంభై పాళ్ళు తప్పు ఇక్కడే జరిగి ఉంటుంది. పచ్చి మానులో నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి, పోగు గొట్టాల లోపల, పోగు గోడల్లో. గొట్టాల్లోని నీళ్ళు పోయేటప్పుడు కొయ్య బరువు తగ్గుతుంది కానీ కొలత మారదు. గోడల్లోని తేమ పోవడం మొదలైనప్పుడు కుంచించుకుంటుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు. పొడవులో దాదాపు ఏమీ తగ్గదు. చుట్టు వలయాల దారిలో తగ్గేది, నడుమ నుంచి బెరడు వైపు తగ్గేదానికి ఇంచుమించు రెండింతలు. అందుకే పలక దోసె అంచులాగా లేస్తుంది. పచ్చి కొయ్యతో మంచం చేస్తే ఆ కుంచించుకోవడమంతా మంచం అయినాక జరుగుతుంది, అతుకులు వదులవుతాయి, రాత్రి పక్క తిరిగితే కిర్రుమంటుంది. పెండ్లికొడుకు రూములో కిర్రుమనే మంచం ఎందుకు వద్దో నేను విడమరచి రాయనక్కర లేదు.

కోసిన రోజే పలకల రెండు కొనలకూ పెయింటో మైనమో పూయాలి. కొనల నుంచి నీళ్ళు తొందరగా పోతాయి, అక్కడే మొదట పగులుతుంది. నేల మీద ఇటుకలు పేర్చి, ఒక వరుస పలకలు, వాటి మీద అడ్డంగా అంగుళం చదరం పుల్లలు, మళ్ళీ పలకలు. పుల్లలు అడుగున్నర, రెండడుగుల ఎడంలో, కింద పుల్లకు నేరుగా పైన పుల్ల రావాలి. ఒకటి అటు ఒకటి ఇటు పెడితే పలక ఆ వంపులోనే ఆరి అలాగే నిలిచిపోతుంది. అన్నిటికీ పైన నాలుగు రాళ్ళు. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. వంటశాల వెనుక రేకుల వసారా ఇందుకు చేసినట్టే ఉంది. అక్కడ ఇప్పుడు ఉన్నది విరిగిన కుర్చీలు మాత్రమే. పేర్చకముందు బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్ళు పూస్తే పుచ్చు భయం తగ్గుతుంది. పెద్దవాళ్ళు దుంగను చెరువులో నెలల తరబడి నానవేసేవాళ్ళు, ఆ పిండి పదార్థం కరిగిపోవాలని. ఇప్పుడు చెరువు ఎక్కడుంది.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? అంగుళం మందానికి ఒక ఏడాది అని ఒక మోటు లెక్క ఉంది. మన పక్క ఎండలకు అంత పట్టదు. నాకు తెలిసిన మంచి దారి కాటా. ఒక పలక మీద గుర్తు పెట్టి, పదిహేను రోజులకొకసారి మన స్టోరు రూములో బియ్యం తూచే కాటా మీద పెట్టి బరువు రాసుకోవాలి. మూడుసార్లు వరుసగా అదే బరువు వస్తే ఆరినట్టు. అయిప్పసి, కార్తిక నెలల వానల్లో మళ్ళీ కొంచెం పెరుగుతుంది, దానికి కంగారు పడనక్కర లేదు. తూకం రాసే పని నాకివ్వండి, నోటు పుస్తకం నేనే కొంటాను.

మాసి నెలలో కోయిస్తే పురట్టాసికి పలకలు సిద్ధం. పురట్టాసిలో మనవాళ్ళు పెండ్లిళ్ళు పెట్టుకోరు, మార్గళిలో అసలే పెట్టుకోరు. మండపం హాలు ఖాళీ. ఆచారి అక్కడే కూర్చొని పని చేసుకోవచ్చు. తై నెల మొదటి ముహూర్తానికి మంచాలు రూములో ఉంటాయి. అంతవరకు పాత ఇనుప మంచాలు ఉన్నాయి కదా, ఇన్నేండ్లు వాటి మీదే కదా పడుకున్నారు.

వేపకొయ్య అమ్మవారిది, పడక మంచానికి వాడరాదు అని ఒక అక్క రాసినారు. ఆమె భక్తిని నేను తప్పు పట్టను. మారియమ్మ గుడి ముందరి మానైతే నేను కూడా ముట్టుకోను. కానీ బరంపురం పక్క ఉన్న మన బంధువులను అడగండి. పూరీలో జగన్నాథుడి విగ్రహం వేపదారువే. 2015లో నవకళేబరం జరిగినప్పుడు కొత్త విగ్రహాలకు వేప మాన్లనే వెతికి తెచ్చినారు. దేవుడి ఒంటికి పనికొచ్చిన కొయ్య మనిషి వీపుకు పనికిరాదా? సరే, అది వాదన కోసం అన్నాను. అసలు ప్రశ్న ఇంకొకటి. అమ్మవారి మాను అని మంచానికి వద్దన్నవాళ్ళు, టన్ను లెక్కన ఇటుక బట్టీలో కాలడానికి పోతుంటే ఒక్క మాట కూడా రాయలేదు.

బోర్డు మంచం మీద నాకు పగ లేదు. అద్దె ఇండ్లు మారేవాళ్ళకు, మేడమీద చిన్న గదుల్లో ఉండే పిల్లలకు తేలికైనదే మంచిది. బీరువా తలుపులకు, వెనుక పలకకు నేను ప్లైవుడ్డే వాడమంటాను. వెడల్పు తలుపు ముడి కొయ్యతో చేస్తే వానాకాలం ఉబ్బి మూసుకోదు, ఎండాకాలం సందు పడుతుంది. మంచం తలవైపు పలకను కూడా మేకు కొట్టి బిగించకూడదు, గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి, ఉబ్బేందుకు చోటు ఉండాలి. ఇవన్నీ ఒప్పుకుంటాను. కానీ మన మండపంలో రూములు ఎలా కడుగుతారు? బక్కెట్టుతో నీళ్ళు కొట్టి, చీపురుతో తోసి. ప్రతి పెండ్లికీ రెండుసార్లు. రంపపు పొట్టును జిగురుతో అదిమి చేసిన బోర్డు కాళ్ళు ఆ నీళ్ళలో నిలబడితే అడుగు ఉబ్బి పొరలు లేస్తాయి. దానికి తోడు, గుంపు ఎక్కువైనప్పుడు మంచం విప్పి పక్కన పెట్టి చాపలు పరుస్తారు. బోర్డులో స్క్రూ ఒకసారి విప్పి బిగిస్తే పట్టు తగ్గుతుంది, నాలుగోసారికి తిరుగుతూనే ఉంటుంది. వేప కోడుకు బెజ్జం తొలిచి, పట్టె కొన అందులో దించి, ఒక బోల్టు వేసి బిగిస్తే ఎన్నిసార్లు విప్పినా ఏమీ కాదు. మెట్ల మీద మోసుకుపోవడానికి కూడా అదే వాటం.

ఇంకొక సభ్యుడు నా మీద అభిమానంతోనే, "అన్నా, పాత రైలు స్లీపర్ కట్టెలు దొరుకుతాయి, వాటితో చేయిద్దాం" అన్నారు. కాంక్రీటు స్లీపర్లు వచ్చినాక పాత కట్టెలను వేలం వేసినారు, చాలామంది కొని గేట్లూ బెంచీలూ చేసుకున్నారు. పడక గదిలోకి మాత్రం వద్దు. పుచ్చిపోకుండా వాటికి క్రియోసోటు అనే నల్లటి నూనె పట్టించి ఉంటారు. అది ఒంటికి మంచిది కాదు, ఎంత చిత్రిక పట్టినా లోపలిది పోదు. పిల్లతల్లి పడుకునే రూములో ఆ వాసన ఎందుకు.

టేకే కావాలనేవాళ్ళకు జవాబు చిన్నది. మన దగ్గర ఉన్నది టేకు కాదు. టేకు, ఈట్టి, గంధం అయితే చేయి వేసేముందు అడవి శాఖ నియమాలు ఏమిటో కనుక్కోవాలి కూడా.

ఇది మండపం సంగతి మాత్రమే అయితే ఇంత రాయను. 2011 డిసెంబరులో తానే తుఫాను కడలూరు పక్క పణ్రుట్టి పనస తోటలను పడగొట్టింది. 2016లో వర్ధా చెన్నైలో, 2018లో గజ డెల్టాలో. ఒడిశాలో ఫైలిన్, ఫణి. యానాం వాళ్ళకు 1996 నవంబరు చెప్పనక్కర లేదు. ప్రతిసారీ పడిన మాను దారికి అడ్డం, ఎవరైనా తీసుకుపోతే చాలు అనే తొందరలో మంచి కొయ్య కట్టెల ధరకు పోతుంది. పనస అంటే వీణ చేసే కొయ్య, తంజావూరు వీణ, బొబ్బిలి వీణ రెండూ దానివే. అది పొయ్యిలోకి పోతుంది. ఆ ఇంటివాళ్ళే ఆరు నెలల తరువాత కూతురి పెండ్లికి అప్పు చేసి మంచం, బీరువా కొంటారు. ఆ మాను మొదలును నాలుగడుగుల ఎడంలో ముక్కలు చేయకుండా, ఏడడుగులు నిలిపి పక్కకు దొర్లించి, కొనలకు పెయింటు పూసి ఉంచితే చాలు. తక్కినది తీరికగా చూసుకోవచ్చు. కట్టెలవాడు వచ్చి మొదట చేసేది అడ్డంగా కోయడమే, ఒకసారి కోస్తే ఇక మంచానికి పనికిరాదు.

కూతురి పెండ్లి అన్నాను కాబట్టి ఒక మాట. సారె అనండి, సీరు అనండి, మంచం బీరువా అందులో ఎప్పుడు చేరినాయో కానీ పోవడం లేదు. నేను ఇంటి కొయ్య మంచం గొప్పది అని రాస్తే, రేపు ఎవరైనా మగపెండ్లివారు "మాకు బోర్డు వద్దు, చేవ కొయ్య మంచమే కావాలి" అని అడగడానికి ఇది సాకు కారాదు. అలా అడిగేవాడికి నులక మంచం కూడా ఇవ్వకండి. తండ్రి తన పెరట్లో మానుతో బిడ్డకు ఇష్టంగా చేయించి ఇవ్వడం వేరు.

ఇక ఆచారి. ఇప్పుడు పని చేసే పిల్లలు చాలామంది ప్లైవుడ్ కోసి, మైకా అతికించి, చానెల్ బిగించే పని నేర్చినవాళ్ళు. చేతి పనిలో వాళ్ళు తక్కువ కాదు, కానీ ముడి కొయ్య పోగు ఎటు పోతుందో చూసి చిత్రిక తిప్పడం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు, నేర్పేందుకు పని కూడా దొరకలేదు. మన ఊర్లో ఆ పని తెలిసిన పెద్దాయన ఒకరున్నారు, డెబ్బై దాటినాయి. నేను పోయి మాట్లాడినాను. "బాడిస పట్టను చేతకాదు, పక్కన కుర్చీ వేస్తే కూర్చొని చెబుతాను, ఇద్దరు పిల్లోళ్ళను పంపండి" అన్నారు. మంచానికి ఇంత అని మాట్లాడకుండా రోజు కూలీ లెక్కన ఇవ్వాలని ఆయన ఒక్క షరతు పెట్టినారు. పీసు లెక్క అయితే పిల్లోళ్ళు తొందర పడతారు, బెజ్జం వదులుగా తొలుస్తారు అని. ఇద్దరు పిల్లోళ్ళకు నలభై రోజుల కూలీ, ఆయనకు మర్యాదగా ఎంత ఇవ్వాలో కమిటీ తేల్చాలి. చైన్ రంపం కోత, బోల్టులు, వార్నీషు కలిపి వేసిన అంచనా ఒక కాగితం మీద రాసి సెక్రటరీ గారికి ఇచ్చినాను. రెండు బోర్డు మంచాల కొటేషన్ కన్నా కొంచెం ఎక్కువే అవుతుంది, తక్కువ అని నేను చెప్పను.

కట్టెల వ్యాపారి బుధవారం ఆడ్వాన్సు తెస్తాడని విన్నాను. ఆదివారం మీటింగు అయ్యేదాకా ఆ డబ్బు తీసుకోవద్దని కమిటీని అడుగుతున్నాను. మీలో ఎవరి దగ్గరైనా పాత స్పీకరు అయస్కాంతం ఉంటే తెచ్చిపెట్టండి, మేకులు వెతికేందుకు అది చాలు.